ఒక్క మెతుకు చూసి సంతకం పెట్టాను

నా పదవీ విరమణ రోజున కంపెనీ మీటింగు హాల్లో ఒకాయన మైకు పట్టుకుని, "పైడిలక్ష్మి గారిది మచ్చలేని సర్వీసు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. మచ్చ ఉంది. నా చేత్తో నేను పెట్టుకున్న మచ్చ, కింద నా పూర్తి పేరుతో సంతకం ఉన్న మచ్చ. మైకు నా చేతికి రాగానే బ్యాగులోంచి ఒక కాగితం తీసి చదివాను. చదవడం అయ్యేసరికి హాల్లో సమోసాలు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. శాలువా కప్పడానికి వచ్చినాయన దాని మడత విప్పాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాడు.

ఆ కాగితంలో ఏముందో, దాన్ని మొదటిసారి ఎక్కడ చదివానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదవాలి. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అనే గోల ఇందులో ఉండదు. అది మీకు పనికిరాదు, నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు.

చలిని దాచే పని

మాది సికింద్రాబాద్ పొలిమేరలో రేకుల షెడ్లున్న ఒక మధ్యరకం కంపెనీ. మా నాన్న ఉద్యోగం కోసం విజయనగరం నుంచి వచ్చి పద్మారావు నగర్‌లో ఇల్లు తీసుకున్నారు. నేను అక్కడి నుంచే చదువుకున్నాను, అక్కడి నుంచే ఉద్యోగానికి వెళ్లాను, ఇప్పుడు అక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను.

షెడ్డులో మా పని వేడినీ చలినీ దాచడం. ఎండ ఉన్నప్పుడు వేడిని, కరెంటు ఉన్నప్పుడు చలిని దాచిపెట్టి, అవసరమైనప్పుడు బయటికి ఇవ్వాలి. చలి అనేది వస్తువు కాదు, వేడి లేకపోవడమే చలి అని పుస్తకాల్లో రాస్తారు. నిజమే. కానీ షెడ్డులో అందరం చలి అనే అనేవాళ్లం, పని ఆగిపోలేదు.

ఈ చలిని దాచేది ప్లాస్టిక్ బంతుల్లో. ఒక్కో బంతి పీచు తీసిన కొబ్బరికాయంత ఉంటుంది. లోపల నీళ్లు, త్వరగా గడ్డకట్టడానికి చిటికెడు మందు, గడ్డకట్టినప్పుడు ఉబ్బడానికి కాస్త ఖాళీ. ఇలాంటి బంతుల్ని వందల లెక్కన ఒక ట్యాంకులో పోసి, వాటి చుట్టూ గడ్డకట్టని చల్లటి ద్రవాన్ని తిప్పుతాం. పగలు కంప్రెసర్ నడిచి బంతులు గడ్డకడతాయి. సాయంత్రం కరెంటు పోయినా అవి కరుగుతూ చలినిస్తాయి; ద్రవాన్ని తిప్పే చిన్న పంపూ, కంప్రెసర్‌ను ఆపే కంట్రోలు పెట్టే బ్యాటరీ మీద నడుస్తాయి.

చెప్పడానికి ఇంతే. చిక్కు ఎక్కడంటే, బంతి బయటి నుంచి లోపలికి గడ్డకడుతుంది. ముందు గోడ వెంట ఒక పొర మంచు కడుతుంది. ఆ పొర మందమయ్యే కొద్దీ నడిమధ్య ఉన్న నీటి వేడి బయటికి రావడానికి ఆలస్యమవుతుంది. కరిగేటప్పుడు కూడా ఇదే తంటా. కరిగిన నీళ్లు మంచు చుట్టూ నిలబడి, బయటి వేడిని దాని దాకా పోనివ్వవు. దాచుకోవడం ఏ బంతికైనా వచ్చు. పుచ్చుకోవడంలో, ఇవ్వడంలో వేగం తేవడమే మా వృత్తి. కొత్తగా వచ్చే ప్రతి ఇంజినీరూ ఎంత దాచిందో లెక్క కట్టడంతో మొదలుపెడతాడు. నేనూ అంతే.

యాదగిరన్న మాట

నాతో పనిచేసిన టెక్నీషియన్ యాదగిరి. మెట్టుగూడలో పుట్టి పెరిగినవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. నేను యాదగిరన్నా అనేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవాడు. చేతిలో ఆకురాయి ఉంటే చాలు, లోకంలో దేన్నయినా మరోదానిలో ఇమిడ్చేవాడు.

బంతి లోపల గడ్డకట్టిందా లేదా తెలియాలంటే ఉష్ణోగ్రత చెప్పే సన్నటి తీగ ఒకటి నడిమధ్య దాకా దూర్చాలి. ట్యాంకుకు ఒక బంతిలో పెడతాం. ఆ ఒక్క బంతి ఏం చెబితే అది మొత్తం ట్యాంకు మాట. ఆ తీగలు మంచు ఒత్తిడికి తరచూ తెగిపోతుండేవి. తీగకు రక్షణగా ఒక గొట్టం పెడదామన్నాను. యాదగిరన్న దగ్గర ప్లాస్టిక్ గొట్టమూ ఉంది, రాగి గొట్టమూ ఉంది.

"ఏది పెట్టమంటరు మేడం?" అని అడిగాడు.

"రాగిదే పెట్టండి. రీడింగు త్వరగా వస్తుంది" అన్నాను.

ఆయన బంతికి రంధ్రం చేసి, రాగి గొట్టాన్ని బయటి నుంచి నడిమధ్య దాకా దించి, చుట్టూ మైనం పూసి బిగించాడు. పని అయ్యాక బంతిని అరచేతిలో పెట్టుకుని చూసి నవ్వాడు.

"గిది గొప్పింటి బిడ్డ అయిపోయింది మేడం. ఒంటి మీద రాగి వచ్చింది. మిగిలినయన్నీ గరీబులు."

నేనూ నవ్వాను. అది తమాషా అనుకున్నాను. ఆయనకు కూడా తాను ఎంత పెద్ద మాట అన్నాడో ఆ రోజు తెలియదు. నాకు తెలిసి ఉండాలి. రాగిలో వేడి ఎంత వేగంగా పారుతుందో, నీళ్లలో ఎంత నెమ్మదిగా పారుతుందో చెప్పే పట్టిక నా బల్ల మీద అద్దం కిందే ఉండేది. రోజూ దాని మీదే టీ గ్లాసు పెట్టుకునేదాన్ని.

అన్నం ఉడికిందా అని చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు అంటారు మన ఇళ్లల్లో. మా అమ్మ అలాగే చూసేది, నేనూ అలాగే చూస్తాను. ఆ పద్ధతినే నేను షెడ్డుకు తీసుకెళ్లాను. తీగ ఉన్న బంతి గడ్డకట్టడానికి పట్టిన సమయం చూసి, బంతుల సంఖ్యతో హెచ్చవేసి, ఈ ట్యాంకు ఇన్ని గంటల్లో నిండుతుంది, ఇంత చలి ఇస్తుంది అని రిపోర్టు రాశాను. చలి ఇచ్చే పరీక్ష కూడా చేశాం. ఒక్క డ్రమ్ము నీళ్లు చల్లార్చి చూశాం. సగం గడ్డకట్టిన బంతులు కూడా ఒక డ్రమ్మును చల్లార్చగలవని నాకు తట్టలేదు. మెతుకు ఉడికితే అన్నం ఉడికినట్టే. కానీ నేను పట్టుకున్న మెతుకు గరిటెకు అంటుకున్నది.

మా డైరెక్టర్ రిపోర్టు చూసి సంతోషించాడు. ఆయన గురించి ఒక మంచి మాట చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన వారానికే ఆయన నాకు ఒక పాఠం చెప్పాడు: పొట్టి సంతకం పెట్టకు, పూర్తి పేరు రాయి, అప్పుడు రాసింది మళ్లీ ఒకసారి చదువుతావు అని. నేను పూర్తి పేరు రాశాను. మళ్లీ చదవడం మాత్రం మానేశాను.

సత్తెమ్మ పాల కేంద్రం

ఆ ట్యాంకుల్లో మొదటివాటిని ఒక పాల డెయిరీ కొన్నది. సిద్దిపేట దారిలో ఉన్న ఒక ఊళ్లోని పాల కేంద్రానికి ఒకటి వెళ్లింది. ఆ కేంద్రం నడిపేది సత్తెమ్మ. ఊళ్లో ఆడవాళ్లు సాయంత్రం పాలు పితికి తెచ్చి ఆమె దగ్గర పోస్తారు. ఆమె కొలిచి, వెన్న శాతం చూసి, మా ట్యాంకుకు తగిలించిన పెద్ద పాత్రలో పోస్తుంది. చీకటి పడేలోగా పాలు చల్లబడాలి. తర్వాత డెయిరీ ట్యాంకర్ వస్తుంది. డ్రైవరు పరీక్ష గొట్టంలో కాసిని పాలు కాచి చూస్తాడు. విరిగితే ఆ రోజు పాలు తీసుకోడు.

ఎండాకాలం వచ్చేసరికి ఆ ఊరి పాలు విరగడం మొదలైంది. వరసగా మూడు సాయంత్రాలు ట్యాంకర్ ఖాళీగా వెళ్లిపోయింది. డెయిరీ మాకు ఉత్తరం రాసింది. మా డైరెక్టర్ నా రిపోర్టు జతచేసి జవాబు పంపాడు: పరికరం పరీక్షలో నెగ్గింది, లోపం లేదు, కేంద్రంలో క్యాన్లు సరిగ్గా కడగకపోవడమో, నీళ్లు కలపడమో కారణం కావచ్చు అని. ఆ జవాబు నాకు చూపించలేదు. అడిగి ఉంటే చూపించేవాడేమో. నేను అడగలేదు.

ఆ మాట డెయిరీ నుంచి ఊళ్లోకి పాకింది. సత్తెమ్మ నీళ్లు కలుపుతోంది అన్నారు, క్యాన్లు మురికి నీళ్లతో కడుగుతోంది అన్నారు. ఏళ్ల తరబడి ఆమె దగ్గర పాలు పోసినవాళ్లు ముఖం తిప్పుకుని ప్రైవేటు బండికి పోయడం మొదలుపెట్టారు. నెలాఖరులోగా కేంద్రం ఇంకొకరికి ఇస్తామని డెయిరీ చెప్పింది. ఇదంతా నాకు ఆ ఊరికి వెళ్లాకే తెలిసింది. నన్ను పంపింది మాత్రం ఓల్టేజీ చూసి రమ్మని.

ఊపి చూసిన మనిషి

నేనూ యాదగిరన్నా మధ్యాహ్నం మూడింటికి చేరాం. కంప్రెసర్ ఆగి ఉంది. కంట్రోలు పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతోంది. పచ్చ దీపం అంటే బంతులన్నీ గడ్డకట్టాయని అర్థం. ఓల్టేజీ సరిగ్గా ఉంది. క్యాన్లు చూశాను, మా ఇంట్లో గిన్నెలు కూడా అంత శుభ్రంగా ఉండవు.

సత్తెమ్మ గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూస్తోంది. యాభై దాటిన మనిషి. కూర్చోమనలేదు, నీళ్లు ఇవ్వలేదు. ఆ ఊళ్లో వచ్చినవాళ్లకు నీళ్లు ఇవ్వకపోవడం ఎంత కోపమో యాదగిరన్న నాకు తర్వాత చెప్పాడు.

"పచ్చ దీపం రోజూ ఎన్ని గంటలకు వెలుగుతుందమ్మా?" అని అడిగాను.

"రెండు కొట్టంగనే వెలుగుతది. మిషిన్ బంద్ అయితది. మళ్ల షురూ కాదు" అంది.

ట్యాంకు మూత తీయించాను. సత్తెమ్మ వచ్చి లోపలికి తొంగి చూసింది. చెయ్యి పెట్టి ఒక బంతిని పైకి తీసింది. కొంగుతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని, బజారులో కొబ్బరికాయ కొనేటప్పుడు ఊపినట్టు ఊపింది. ఇంకోటి తీసి ఊపింది. మూడోది నా చేతికిచ్చింది.

"నువ్వు సుత ఊపు మేడం. గింత నీళ్లు మోగుతుంటే గడ్డ కట్టింది అంటున్రు. నేను నీళ్లు కలిపిన్నా? మీ బంతులల్లనే నీళ్లున్నయి."

ఊపాను. లోపల నీళ్లు గలగలమన్నాయి.

ఒకటి కాదు, చేతికి అందినవన్నీ ఊపాను. అన్నీ మోగాయి. చివరికి రాగి గొట్టం ఉన్న బంతిని తీసి ఊపాను. అది మోగలేదు. రాయిలా గడ్డకట్టి ఉంది. యాదగిరన్న ముఖంలోకి చూశాను. ఆయన కూడా అదే ఆలోచిస్తున్నాడు.

"గొప్పింటి బిడ్డ" అన్నాడు మెల్లగా. "దానికి మాత్రమే కడుపు నిండింది మేడం."

రాగి గొట్టం బయటి చలిని నేరుగా బంతి నడిమధ్యకు మోసుకెళ్లింది. ఆ ఒక్క బంతీ అందరికంటే ముందు గడ్డకట్టింది. అది గడ్డకట్టగానే పెట్టె కంప్రెసర్‌ను ఆపేసింది. మిగతా వందల బంతులు సగం నీళ్లతోనే సాయంత్రానికి మిగిలాయి. కొలిచే పనిముట్టే కొలతను మార్చేసింది. తప్పు ఎండది కాదు, కరెంటుది కాదు, సత్తెమ్మది అసలే కాదు. రాగిదే పెట్టండి అన్న నాది.

నాకు సిగ్గు వేసింది. చదువుకున్నందుకు కాదు, చదువుకుని కూడా ఒక్కసారి బంతిని చేత్తో ఊపి చూడనందుకు.

"నేను తప్పు చేశానమ్మా" అన్నాను.

"నాకు చెప్తే ఏం ఫాయిదా" అంది సత్తెమ్మ. "నన్ను దొంగ అన్నోళ్లకు చెప్పు."

మెమో

మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ గదికి వెళ్లాను. విన్నాడు. అర్థమైంది కూడా, చాలా తొందరగా అర్థమైంది. ఆయన మంచి ఇంజినీరు.

"ఓకే, నెక్స్ట్ బ్యాచ్‌లో గొట్టం మార్చేయండి" అన్నాడు.

"రిపోర్టు వెనక్కి తీసుకోవాలి సార్. డెయిరీకి రాయాలి."

"పైడిలక్ష్మి గారూ, ఎమోషనల్ అవకండి. ఒక్క సైట్‌లో ప్రాబ్లమ్ వచ్చింది, అంతే. రిపోర్ట్ విత్‌డ్రా చేస్తే మిగతా సైట్లన్నీ క్వశ్చన్ చేస్తారు."

"చెయ్యాలి కదండీ. అన్నిటికీ అదే గొట్టం పెట్టాం."

"క్యాన్స్ ప్రాబ్లమ్ అని ఆల్రెడీ రాసేశాం. ఇప్పుడు మన తప్పే అంటే కంపెనీ పేరు ఏమవుతుంది?"

నాకు కోపం వస్తే మా విజయనగరం యాస బయటికొస్తుంది. "ఏటండీ సార్, ఆ మనిషి నోట్లో మట్టి కొట్టేసి మనం పేరు కాపాడుకుంటామేటి?" అన్నాను. ఆయన ఏదో ఫైలు ముందుకు లాక్కున్నాడు. నేనూ అనుమతి అడగలేదు. నా బల్ల దగ్గరికి వెళ్లి ఉత్తరం రాశాను. ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. డెయిరీకి ఒక ప్రతి, పాల కేంద్రానికి ఒక ప్రతి, డైరెక్టర్‌కు ఒక ప్రతి. కింద పూర్తి పేరు. ఈసారి రెండుసార్లు చదివాను.

వారంలో నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా బయటివారికి ఉత్తరం రాసినందుకు క్రమశిక్షణ ఉల్లంఘన అట. దాన్ని మోండా మార్కెట్ దగ్గర ఒక షాపులో లామినేషన్ చేయించాను. ఇన్నేళ్లుగా మా ఇంట్లో వేడి గిన్నెల కింద అదే పెడుతున్నాను. అంచులు నల్లబడ్డాయి. ఇప్పటికీ ఎవరైనా దాని గురించి అడిగితే కథంతా చెప్పి కాఫీ ఇస్తాను.

పిల్లలూ, మీకూ ఇలాంటి రోజు వస్తుంది. తప్పు చేయని ఇంజినీరు ఉంటాడంటే నేను నమ్మను, వాడు పని చేయలేదని అర్థం. తప్పు బయటపడ్డ రోజు మీ చుట్టూ ఉన్నవాళ్లంతా మెత్తగా మాట్లాడతారు. ఇప్పుడెందుకు, తర్వాత చూద్దాం, అంత పెద్ద విషయం కాదు అంటారు. మీ తప్పు మోస్తున్న మనిషి మాత్రం ఆ గదిలో ఉండదు. అందుకే ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్లి రండి, తర్వాత ఆ గదిలోకి వెళ్లండి.

రాగి నేర్పిన పాఠం

డెయిరీ వాళ్లు ఉత్తరం చదివి మా డైరెక్టర్‌కు గట్టిగానే రాశారు. నెలాఖరులోగా ట్యాంకు బాగుచేయండి, లేదా వెనక్కి తీసుకెళ్లండి అని. కేంద్రం మార్పు అప్పటిదాకా ఆపుతామన్నారు. డైరెక్టర్ ఆ ఉత్తరాన్ని నా బల్ల మీద పెట్టి, "మీరే కదా రాశారు, మీరే చూసుకోండి" అన్నాడు. నన్ను శిక్షిస్తున్నాననుకున్నాడు. నాకు అంతకంటే కావలసింది లేదు.

గొట్టం మార్చి, కంప్రెసర్‌ను సాయంత్రం దాకా నడిపితే సరిపోతుంది అనుకుంటారు. కానీ ఆ ఊళ్లో కరెంటు నాలుగింటికే పోతుంది. బంతులే త్వరగా గడ్డకట్టాలి, త్వరగా కరగాలి. ముందు అల్యూమినియం పొడి కలిపి చూశాం. లోహం కలిస్తే వేడి త్వరగా పారుతుంది. మొదటి రోజు అద్భుతం. పదిసార్లు గడ్డకట్టి కరిగేసరికి పొడంతా అడుగున పేరుకుంది, పైన మళ్లీ ఉత్త నీళ్లే. బంతులు చిన్నవి చేద్దామంటే ట్యాంకులో ప్లాస్టిక్ ఎక్కువై నీళ్లు తక్కువయ్యాయి.

ఒక మధ్యాహ్నం యాదగిరన్న టిఫిన్ డబ్బా మూత పెడుతూ అన్నాడు: "మేడం, ఒక్క బంతికి రాగి పెడితే గా బంతి మంచిగ పనిచేసింది. మనం పరేషాన్ అయింది అదొక్కటే గొప్పది అయినందుకు. మరి అన్నిటికీ పెడితే ఏమైతది?"

నేను అన్నం తింటున్నదాన్ని చెయ్యి ఆపేశాను. ఇన్నాళ్లుగా ఆ గొట్టాన్ని తిట్టుకుంటున్నాను తప్ప, అది చేసిన మేలు చూడలేదు. నా తప్పులోనే మందు ఉంది. దాన్ని చూసింది ఆయన. ఇది మా కంపెనీ కరపత్రాల్లో ఎక్కడా రాసి లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రాగి ఖరీదు. పైగా ప్రతి బంతికీ రంధ్రం చేస్తే కారడం ఖాయం. బంతిని రెండు సగాలుగా చేసి అతికిస్తారు కదా, అతికించే ముందే లోపల అల్యూమినియం రేకును ప్లస్ గుర్తులా అమర్చి, దాని అంచులు లోపలి గోడను తాకేలా బిగించాం. తుప్పు పట్టకుండా పూత వేశాం. బయటి నుంచి చలి రేకు వెంట నడిమధ్యకు నడిచింది. షెడ్డులో ఈసారి డ్రమ్ములు నాలుగు పెట్టాను, నీళ్లు పాలంత వెచ్చగా కాచి పోశాను. నాలుగూ వేళకు చల్లబడ్డాయి.

డైరెక్టర్ వచ్చి లెక్క చూశాడు. "రేకు చోటు తినేసింది. స్టోరేజ్ తగ్గింది" అన్నాడు.

"తగ్గింది సార్. ఇంతకుముందు ఎక్కువ దాచుకుని ఇవ్వలేదు. ఇప్పుడు కాస్త తక్కువ దాచుకుని అడిగినప్పుడు ఇస్తుంది" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. సంతకం మాత్రం పెట్టాడు.

ఇంకొక మార్పు చేశాను. ఉష్ణోగ్రత తీగకు గొట్టం తీసేసి సన్నటి ప్లాస్టిక్ తొడుగు వేయించాను. దాన్ని చల్లటి ద్రవం వచ్చే ద్వారానికి అన్నిటికంటే దూరంగా, మూలన ఉన్న బంతికి పెట్టించాను. అందరికంటే వెనకబడ్డది గడ్డకడితేనే అందరూ గడ్డకట్టినట్టు. నా ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెబుతాను. మెతుకు పట్టి చూడండి, తప్పులేదు. కానీ గిన్నె అంచున, మంట తగలని చోట ఉన్న మెతుకు పట్టి చూడండి.

పాల వరసలో

నెలాఖరుకు రెండు రోజుల ముందు కొత్త బంతులతో ఆ ఊరికి వెళ్లాం. పొద్దున్నే చేరాం. సత్తెమ్మ ఈసారి నీళ్లు ఇచ్చింది. కానీ ట్యాంకు మూత మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"బంతులు తర్వాత. నువ్వు పంపిన కాగితం నా దగ్గర ఉన్నది. నాకు చదువు రాదు. మా పక్కింటి పిల్ల చదివింది, నేను విన్న. నేను వింటే ఏమొస్తది. సాయంత్రం అందరు బండికాడికి పోయేటప్పుడు ఇక్కడ నిలబడి నువ్వే చదువు."

యాదగిరన్న నా వైపు చూశాడు. ఉత్తరం రాయడం ఒక ఎత్తు. అది కాగితం, దాని మీద కోపం వచ్చేది డైరెక్టర్‌కు. తెలియని ఊళ్లో వీధిలో నిలబడి నేను తప్పు చేశానని అరిచి చదవడం ఇంకొక ఎత్తు. అయినా, దొంగ అన్న మాట ఆమె వీధిలోనే విన్నది. నా మాట కవర్లో పెట్టి ఇస్తే సరిపోతుందా? చదువుతానన్నాను. అప్పుడు ఆమె మూత మీంచి చెయ్యి తీసింది.

పగలంతా బంతులు మార్చి కంప్రెసర్ నడిపాం. సాయంత్రం ప్రైవేటు బండి చెట్టు కింద ఆగింది. క్యాన్లు పట్టుకుని ఆడవాళ్లు వస్తున్నారు. సత్తెమ్మ కేంద్రం ముందు నిలబడి, "జెర ఆగుండ్రి. సికింద్రాబాద్ మేడం మాట్లాడతదట" అంది. ఏదో తగువు చూద్దామని ఆగారు.

నేను చదివాను. "ఈ కేంద్రంలో పాలు విరిగినందుకు కారణం కేంద్రం నడిపేవారు కాదు. క్యాన్లు శుభ్రంగా ఉన్నాయి, నేను చూశాను. పాలలో నీళ్లు కలిపారనడానికి ఏ ఆధారమూ లేదు. ట్యాంకు పరీక్షించింది నేను. నేను ఒక్క బంతిని చూసి అన్నీ గడ్డకట్టాయని రాశాను. ఆ ఒక్క బంతిని నేనే పాడుచేశాను. ఆ రిపోర్టును వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు నాది." తర్వాత నా పూర్తి పేరు చదివాను.

వెనక ఒకావిడ అప్పుడే వచ్చి, ఏందట అని పక్కామెను అడిగింది.

సత్తెమ్మ నా వైపు తిరిగింది. "మళ్లొకసారి చదువు" అంది. "ఎన్కనోళ్లకు ఇనవడలే."

మళ్లీ చదివాను. ఈసారి గట్టిగా చదివాను. మొదటిసారి వణికిన గొంతు రెండోసారి వణకలేదు. ఆ రోజు నుంచి నా తప్పు చెప్పుకోవడానికి నేను ఎవరి ముందూ వణకలేదు, డైరెక్టర్ ముందైనా, శాలువాల సభలోనైనా. నా సర్వీసుకు మచ్చ లేదని ఎవరైనా అంటే ఊరుకోనిది కూడా అందుకే. ఆ మచ్చను నేను తుడిచేసుకుంటే అది మళ్లీ వెళ్లి ఆమె మీద పడుతుంది.

సత్తెమ్మ ట్యాంకు దగ్గరికి వెళ్లింది. పచ్చ దీపం అప్పటికే వెలుగుతోంది, ఆమె దానివైపు చూడనే లేదు. చెయ్యి లోపలికి పెట్టి, అడుగున ఎక్కడో తడిమి ఒక బంతిని తీసి, కొంగుతో తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. పక్కనున్న ఆడమనిషికి ఇచ్చింది. ఆమె ఊపి ఇంకొకామెకు ఇచ్చింది. అలా ఆ బంతి వరసంతా తిరిగింది. ప్రతి మనిషీ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

ఏ చెవి దగ్గరా చప్పుడు రాలేదు. బంతి తిరిగి తిరిగి సత్తెమ్మ చేతికి వచ్చింది. ఆమె దాన్ని ట్యాంకులో వేసి, పెద్ద పాత్ర మూత తీసి పక్కకు జరిగింది.

"పోయుండ్రి" అంది.